రెండు ఎడమ రెక్కల విమానం

గోగులపాడు మున్సిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన రోజు నుంచి త్రిలోచనరావు కిందికి చూస్తూనే బతికాడు. అతనికి అప్పగించిన పని మురుగు కాలవలు. ఎక్కడ పూడింది, ఎక్కడ పొంగింది, ఎవరి వాకిలి మెట్టు కాలవ మీదికి జరిగింది, ఇవన్నీ తల వంచుకుని చూడవలసిన సంగతులే. అలా చూసి చూసి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ఊళ్లోవాళ్లు దాన్ని వినయం అనుకునేవారు.

నిజానికి అతని ప్రాణమంతా పైన ఉండేది. చిన్నప్పుడు ఒకసారి వరిచేలకు పురుగుమందు చల్లడానికి ఓ విమానం వచ్చింది. దాని నీడ చేల మీద పరుగెడుతుంటే, దాన్ని తొక్కాలని గట్ల వెంట పరుగెత్తి నీళ్ల బోదెలో పడ్డాడు. ఒళ్లంతా బురదతో ఇంటికి వచ్చి తన్నులు తిన్నాడు. ఆ తన్నులు మర్చిపోయాడు గాని ఆ నీడని మర్చిపోలేదు. ఎప్పటికైనా తన చేత్తో ఒక విమానం చేసి ఎగరెయ్యాలని అప్పుడే అనుకున్నాడు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి, కూతురి పెళ్లి వరసగా అడ్డొచ్చాయి. అవన్నీ తీరాక, యాభై దగ్గర పడుతున్న వయసులో, కొరియర్లో ఒక పొడుగాటి అట్టపెట్టె తెప్పించుకున్నాడు. అందులో రిమోటుతో ఎగిరే మోడల్ విమానం ముక్కలు ముక్కలుగా ఉంది. ఎవరైనా దాన్ని బొమ్మ అంటే అతనికి కోపం వచ్చేది.

విమానం ఒళ్లు, తోక, చక్రాలు ఇంట్లోనే అతికించాడు. చిక్కంతా రెక్కల దగ్గర వచ్చింది. రెక్క కట్టడానికి ఒక పద్ధతి ఉంది. డ్రాయింగు కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని గీతల మీదే బాల్సా అనే తేలికపాటి చెక్క పుల్లల్ని పెట్టి, చేప ముల్లులాగా అడ్డముక్కలు నిలబెట్టి, జిగురుతో అతికించాలి. కింద బల్ల ఏ కాస్త వంకరగా ఉన్నా రెక్క ఆ వంకరతోనే బిగుసుకుంటుంది. త్రిలోచనరావు మట్టం చూసే బుడగ గొట్టం పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. మంచం వంకర, భోజనాల బల్ల వంకర, నేల మరీ వంకర. అసలు ఊళ్లో మట్టంగా ఉన్నది ఏదీ లేదని అతనికి తెలుసు, చాలా భాగం తను కట్టించిందే కాబట్టి. ఒక్క ఇంజనీరింగు విభాగంలో ఉన్న పాతకాలం టేకు బల్ల మాత్రం అద్దంలా ఉంటుంది. రెండో శనివారం సెలవు చూసుకుని పెట్టెతో సహా ఆఫీసుకి వెళ్లాడు.

అతను చేసిన తప్పు అదొక్కటే. మిగతావన్నీ ఆఫీసు చేసింది.

కమిషనర్ భుజంగరావు గారికి క్వార్టర్సులో ఏసీ పాడైంది. అందుకని సెలవు రోజుల్లో కూడా ఆఫీసుకొచ్చి చల్లగా విధులు నిర్వర్తించేవారు. ఆయన వరండాలో పోతూ కిటికీలోంచి బల్ల మీద విమానాన్ని చూసి ఆగిపోయారు. సరిగ్గా ఆ వారమే ఆయనకి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రంలో అందరికీ ఆకాశం పిచ్చి పట్టిన కాలం అది. ప్రతి మున్సిపాలిటీ సొంత సిబ్బందితో సొంతంగా ఒక విమానాన్ని కూర్చి, దాన్ని ఎగరేసి, పట్టణ పారిశుద్ధ్యాన్ని గగనం నుంచి పర్యవేక్షించాలట. పొరుగు మున్సిపాలిటీల కమిషనర్లందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. భుజంగరావు గారికి మాత్రం విమానం తనంత తానే వచ్చి బల్ల మీద వాలింది.

"ఎవరిదండీ ఇది?" అని అడిగారాయన.

"నాదేనండి."

"బల్ల ఎవరిది?"

త్రిలోచనరావు బల్ల వంక చూశాడు. "మున్సిపాలిటీదండి."

"మున్సిపాలిటీ బల్ల మీద, మున్సిపాలిటీ ఫ్యాను కింద, మున్సిపాలిటీ ఉద్యోగి చేస్తున్న పని మున్సిపాలిటీది కాకుండా ఎలా పోతుంది ఏఈ గారూ?" అన్నారు కమిషనర్ గారు ఎంతో ప్రేమగా. "మీరేం కంగారు పడకండి. విజయవంతంగా ఎగిరిన పిమ్మట వస్తువు మీది మీకు వాపసు చేయబడుతుంది. నా మాట."

సోమవారం పొద్దున్నే విమానం ఆఫీసు స్టాకు రిజిస్టరులో ఎక్కింది. రిమోటుని మాత్రం స్టోర్సు వాళ్లు టీవీది అనుకుని వదిలేశారు. త్రిలోచనరావు దాన్ని జేబులో వేసుకుని ఇంటికి వచ్చి భార్య హైమవతికి చూపించాడు. విమానం ఏదని ఆవిడ అడిగింది. ఉద్యోగంలో చేరిందని చెప్పాడు.

ఇక్కడ గోగులపాడు మున్సిపాలిటీ ఆచారం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట, ఊళ్లో పనులన్నీ ఇంజనీరింగు విభాగమే చేసేస్తోందని, తమని గోళ్లు గిల్లుకోమన్నారా అని పట్టణ ప్రణాళికా విభాగం వాళ్లు కౌన్సిల్లో గొడవ పెట్టారు. దాంతో ఇకమీదట ఏ పనైనా ఈ రెండు విభాగాలకీ సగం సగం పంచాలని కౌన్సిలు తీర్మానించింది. ఆ తీర్మానానికి మొదటి ఫలం గంజిపేట కల్వర్టు. ఈ గట్టు నుంచి వీళ్లు, ఆ గట్టు నుంచి వాళ్లు కట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. కలిశాక చూస్తే ఒక సగం కన్నా ఇంకో సగం జానెడు ఎత్తు. ఎవరి సగం వాళ్ల ప్లాను ప్రకారం సరిగ్గానే ఉంది కాబట్టి ఎవరూ దేన్నీ పగలగొట్టలేదు. సైకిళ్లవాళ్లు అక్కడ దిగి, సైకిల్ని ఎత్తి అవతల పెట్టుకుని, మళ్లీ ఎక్కి పోతుంటారు. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లు అడిగితే అది అంతే అని చెబుతారు.

కాబట్టి విమానాన్ని కూడా పంచవలసి వచ్చింది. కమిషనర్ గారు సమావేశం పెట్టి ఎడమ రెక్కని ఇంజనీరింగు విభాగానికీ, కుడి రెక్కని పట్టణ ప్రణాళికా విభాగానికీ కేటాయించారు. తోకని పారిశుద్ధ్యానికీ, చక్రాలని రెవెన్యూకీ ఇచ్చారు. తోక, చక్రాలు అప్పటికే అతికి ఉన్నాయి కాబట్టి ఆ విభాగాల వాళ్లు వచ్చి వాటిని ఒకసారి ముట్టుకుని, పని పూర్తయినట్టు రాసి వెళ్లిపోయారు. రెక్కల డ్రాయింగు మాత్రం ఒకటే ఉంది. దానికి రెండు జిరాక్సులు తీసి, రెండింటి మీదా కమిషనర్ గారు ఆకుపచ్చ సిరాతో 'నిజ ప్రతి' అని సంతకం పెట్టి, సీలు వేసి, చెరొకటీ ఇచ్చారు.

త్రిలోచనరావుకి అప్పుడే అనుమానం వచ్చింది. ఆ డ్రాయింగు ఎడమ రెక్కది. కిట్లు చేసేవాళ్లు ఎప్పుడూ ఒక రెక్కకే గీసి ఇస్తారు. రెండోదానికి కాగితం మీద కాస్త నూనె రాస్తే గీతలు వెనక్కి కనిపిస్తాయి. అప్పుడు కాగితాన్ని తిరగేసి, వెనక గీతల మీద కట్టుకుంటే కుడి రెక్క వస్తుంది. చెయ్యి ఆనించి చుట్టూ గీత గీసి కాగితం తిప్పితే రెండో చెయ్యి అయినట్టే. ఈ సంగతి చెప్పడానికి పట్టణ ప్రణాళికాధికారి రుక్మాంగదరావు గారి గదికి వెళ్లాడు.

రుక్మాంగదరావు గారు ఉద్యోగమంతా ఇళ్ల ప్లాన్లకి అనుమతులు ఇస్తూ, ఆపుతూ గడిపిన మనిషి. ప్లాను అంటే ఆయనకి మహా గౌరవం. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితాన్ని తిరగేసి చూశారు.

"వెనకేముందండీ? ఏమీ లేదు. సంతకం లేదు, సీలు లేదు. సంతకం లేని వైపు చూసి నన్ను పని చెయ్యమంటారా?"

"నూనె రాస్తే గీతలు కనబడతాయండి."

"నూనె రాస్తే అది రికార్డు కాదండీ, బజ్జీల పొట్లం. రేపు ఆడిట్ వాళ్లొచ్చి సంతకం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉందేంటని అడిగితే మీరొచ్చి జవాబు చెబుతారా?"

త్రిలోచనరావు కమిషనర్ గారి దగ్గరికి పరుగెత్తి, కాగితం వెనక కూడా ఒక సంతకం పడేస్తే సరిపోతుందని బతిమాలాడు. ఆయన కలం మూత తియ్యబోయి ఆగిపోయారు. ముందు వైపు నిజమని ఒకసారి ధ్రువీకరించిన కాగితానికి వెనక వైపు కూడా నిజమని ధ్రువీకరిస్తే, ముందు వైపు నిజం చాలలేదనే అపార్థానికి తావు ఇచ్చినట్టవుతుందని వివరించారు. ఈ మాట ఆయనకే ఎంతగానో నచ్చి, క్యాంపు క్లర్కుని పిలిచి రాసిపెట్టుకోమన్నారు.

రెక్కల సంధానం రోజున ఛైర్‌పర్సన్ సత్యవేణి గారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. ముందు త్రిలోచనరావు ఎడమ రెక్క తెచ్చి బిగించాడు. తర్వాత ప్రణాళికా విభాగం వాళ్లు పట్టుబట్ట కప్పిన పళ్లెంలో తమ రెక్కని తెచ్చారు. బట్ట తీశారు. రెక్క అద్భుతంగా ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి. అడ్డముక్కలు తీర్చినట్టు నిలబడ్డాయి. పైన కప్పిన ప్లాస్టిక్ పొర వేడికి అంటుకునేది కాబట్టి, రెక్కని ఇస్త్రీ బడ్డీకి పంపించి, ఒక్క ముడత లేకుండా అంటించారు. అతను చేసినదానికన్నా బాగుంది. కాని అదీ ఎడమ రెక్కే.

కుడి వైపు దాన్ని పెట్టి చూశారు. విమానం రెక్కకి ముందు అంచు లావుగా, వెనక అంచు సన్నగా ఉంటుంది. కింద చదునుగా, పైన ఉబ్బుగా ఉంటుంది. ఉబ్బు పైకి ఉండేలా పెడితే సన్నటి అంచు ముందుకి వచ్చి, రెక్క వెనక్కి నడుస్తున్నట్టుంది. లావు అంచుని ముందుకి పెడితే ఉబ్బు కిందికి పోయి బోర్లా పడుకున్నట్టుంది. ఈ రెండూ తప్ప మూడో మార్గం లేదు. కొబ్బరి ముక్కలు నములుతున్నవాళ్లు కూడా నమలడం ఆపేశారు.

ఛైర్‌పర్సన్ గారు పక్షి రెక్కలు రెండూ ఒకలాగే ఉంటాయి గదా అన్నారు. ఒకలా ఉండవండీ, ఎదురూబదురుగా ఉంటాయని త్రిలోచనరావు అన్నాడు. కమిషనర్ గారు అతన్ని కూర్చోమన్నారు.

తప్పు ఎవరిదో తేల్చడానికి విచారణ కమిటీ వేశారు. రెక్క గురించి అవగాహన ఉన్నవాడని రుక్మాంగదరావు గారినే దానికి అధ్యక్షుణ్ణి చేశారు. రెండు రెక్కలూ ధ్రువీకరించిన ఒకే నిజ ప్రతి ప్రకారం తయారయ్యాయని, రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండడమే ఇందుకు రుజువని, కనుక రెండింటిలో ఏదీ తప్పు కానేరదని కమిటీ తేల్చింది.

తనకి కాస్త గడువు ఇస్తే కుడి రెక్క తనే చేసి ఇస్తానని త్రిలోచనరావు చెప్పాడు. కమిషనర్ గారు నిట్టూర్చారు.

"మీరు కుడిది చేస్తే మీ విభాగం రెండు రెక్కలు చేసినట్టవుతుంది. సమాన పంపిణీ తీర్మానం ప్రకారం వాళ్లు కూడా రెండు చెయ్యాలి. వాళ్ల దగ్గర ఉన్న నిజ ప్రతి ఎడమది. అంటే మూడు ఎడమ రెక్కలు, ఒక కుడి రెక్క వస్తాయి. పరిస్థితి మెరుగవుతుందా, దిగజారుతుందా? మీరే చెప్పండి."

చివరికి విషయం కౌన్సిలు సమావేశం దాకా వెళ్లింది. రెక్కని వెనక్కి తిప్పి పెట్టాలా, బోర్లా పెట్టాలా అన్నదే చర్చ. ఎటు పెట్టినా విమానం ఎగరదని, లేచీ లేవగానే కుడి వైపుకి దొర్లి ముక్కు నేలకి గుద్దుకుంటుందని త్రిలోచనరావు లేచి చెప్పాడు. అది సాంకేతిక విషయమని, సభ ముందున్నది విధానపరమైన విషయమని అతన్ని వారించారు. వెనక్కి నడిచే రెక్క తమ పాలకవర్గానికి వద్దే వద్దని ఛైర్‌పర్సన్ గారు ఖచ్చితంగా చెప్పారు. తలకిందులైనా పరవాలేదు, అడుగు ముందుకే పడాలన్నారు. బల్లలు చరిచారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

'సదరు ద్వితీయ ఎడమ రెక్కను ఈ ఉత్తర్వు వెలువడిన క్షణం నుంచి అన్ని అధికారిక ప్రయోజనాల నిమిత్తం కుడి రెక్కగా పరిగణించవలెను. ఇందుకు భిన్నంగా సదరు రెక్క ప్రవర్తించిన యెడల, విమానమును నడుపు అధికారి పూర్తి బాధ్యత వహించవలెను.'

నడుపు అధికారి త్రిలోచనరావే. బోర్లా బిగించిన ఆ రెక్క మీద ఎర్ర రంగుతో 'కుడి రెక్క' అని పెద్ద అక్షరాలతో రాయించారు, ఎవరికీ అనుమానం రాకుండా.

ఆ సాయంత్రం త్రిలోచనరావు ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో కూర్చుండిపోయాడు. ఉద్యోగం గురించి అతనికి అంత బెంగ లేదు. మురుగు కాలవల ఉద్యోగం నుంచి తీసేసి ఇంకెక్కడికి దించుతారు? విమానం తల్చుకుంటేనే ఏడుపొచ్చింది. అన్నేళ్లు ఎదురు చూసింది ఇలా నలుగురి ముందు నేలకి గుద్దించడానికా అనుకున్నాడు. పగిలిన బాల్సా చెక్క అగ్గిపుల్లలకి కూడా పనికిరాదు.

హైమవతి కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. సంగతంతా విని, "అయితే సరైన రెక్క మీరే చేసుకోండి. వాళ్లకి చెప్పడం ఎందుకు?" అంది.

"చెయ్యడానికి బల్ల లేదు గదా."

ఆవిడ లోపలికి వెళ్లింది. షోకేసులో బొమ్మలన్నీ తీసి కింద పెట్టి, దాని అద్దం తలుపుని ఊడబీకింది. మంచం మీద బియ్యం బస్తా పరిచి, దాని మీద అద్దాన్ని పెట్టి, నాలుగు వైపులా మెల్లగా అదిమింది. బియ్యం సర్దుకుని అద్దం నిలిచింది. త్రిలోచనరావు బుడగ గొట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో బుడగ అలా మధ్యలో ఆగడం అతను చూడలేదు.

రెక్క కట్టకముందే తన కోసం తీయించుకున్న డ్రాయింగు జిరాక్సు ఒకటి అతని దగ్గర ఉండిపోయింది. దాని మీద సంతకం లేదు, సీలూ లేదు. కాబట్టి ఎటు తిప్పినా దానికి అవమానం లేదు. హైమవతి కొబ్బరినూనె సీసా తెచ్చి, కూతురి తలకి రాసినట్టు ఆ కాగితానికి నిదానంగా పట్టించింది. గీతలు వెనక్కి తేలాయి. కాగితాన్ని బోర్లించి, కొత్తగా తెప్పించిన బాల్సా పుల్లల్ని దాని మీద పేర్చాడు. అద్దం మీద గుండుసూదులు దిగవు గనక, జిగురు ఆరేదాకా పుల్లలు కదలకుండా ఆవిడ పోపుల డబ్బాలో గిన్నెల్ని బరువుగా పెట్టింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు కలిసి ఒక రెక్కని అదిమిపట్టాయి. రెండు ఆదివారాల మధ్యాహ్నాలు అలా గడిచాయి. పైన పొర అంటించాక, అదే ఎర్ర రంగుతో, అదే పెద్ద అక్షరాలతో 'కుడి రెక్క' అని అతనే రాశాడు. ఈసారి ఉన్నమాటే రాశాడు.

ఎగరవేత ఉత్సవానికి కంపోస్టు యార్డు పక్కన మైదానం ఖాయం చేశారు. షామియానా వేశారు. విమానం పడితే పట్టుకోవడానికి పారిశుద్ధ్య సిబ్బందిని నాలుగు మూలలా దుప్పట్లతో నిలబెట్టారు. పడుతుందని ఎవరూ అనలేదు. దుప్పట్లు ముందుజాగ్రత్త మాత్రమేనని మైకులో ప్రకటించారు. ఆఖరి తనిఖీ చెయ్యాలని చెప్పి త్రిలోచనరావు విమానాన్ని నీళ్ల ట్యాంకరు వెనక్కి తీసుకుపోయాడు. బోర్లా ఉన్న రెక్కని విప్పి ట్యాంకరు క్యాబిన్లో గోనెసంచి కింద పెట్టాడు. తన రెక్కని బిగించాడు. మరలు సరిగ్గా పట్టి, ఒళ్లూ రెక్కా కలిసిపోయాయి.

ఉపన్యాసాలు చాలాసేపు సాగాయి. ఆ తర్వాత కమిషనర్ గారు పచ్చజెండా ఊపారు. విమానం మైదానం మీద కాస్త దూరం పరుగెత్తి, ఎవరూ చెప్పకుండానే లేచింది.

త్రిలోచనరావు మెడ ఎత్తాడు. ఎన్నాళ్లకో ఎత్తిన మెడ కటుక్కుమంది. విమానం కంపోస్టు గుట్టల మీదుగా, వాటర్ ట్యాంకు మీదుగా, గంజిపేట కల్వర్టు మీదుగా తిరిగింది. కల్వర్టు మీద సైకిళ్లు ఎత్తుతున్నవాళ్లు ఎత్తిన సైకిళ్లతో అలాగే నిలబడిపోయారు. దుప్పట్లు పట్టుకున్నవాళ్లు వాటిని వదిలేసి చప్పట్లు కొట్టారు. విమానం నీడ మైదానం మీద పరుగెత్తుతూ వచ్చి త్రిలోచనరావు పాదాల మీదుగా దాటింది. అతనికి కళ్లు చెమర్చాయి. రిమోటు మీద బొటనవేళ్లు మాత్రం చెదరలేదు. విమానాన్ని రెండు చుట్లు తిప్పి, దూదిపింజలా దించాడు.

కమిషనర్ గారు మైకు అందుకున్నారు. నిపుణులమని చెప్పుకునేవారు ఎగరదన్న విమానం ఎలా ఎగిరిందో ప్రజలు కళ్లారా చూశారన్నారు. ఎడమ రెక్కని కుడి రెక్కగా పరిగణించమని ఉత్తర్వు ఇస్తే, రెక్క ఆ ఉత్తర్వుని శిరసావహించిందన్నారు. పరిపాలన పట్టుదలగా ఉంటే గాలి కూడా నిబంధనలకు లోబడుతుందని సెలవిచ్చారు. రుక్మాంగదరావు గారికి శాలువా కప్పారు. గగనం నుంచి చూడగా పట్టణం అత్యంత పరిశుభ్రంగా కనిపించినదని పైకి నివేదిక పంపారు. విమానానికి కళ్లెక్కడివని ఎవరూ అడగలేదు.

మర్నాడు త్రిలోచనరావు కమిషనర్ గారి గదికి వెళ్లి, విమానం విజయవంతంగా ఎగిరింది కాబట్టి మాట ప్రకారం తనది తనకి ఇప్పించమన్నాడు. ఆయన విచారంగా తల ఊపారు. రెండు ఎడమ రెక్కలతో ఎగిరిన మొట్టమొదటి విమానం అది. అలాంటి చారిత్రక వస్తువుని ఒక వ్యక్తి ఇంటికి పంపడం ఎలా కుదురుతుంది? దాన్ని అద్దాల బీరువాలో పెట్టించి, ఆఫీసు ముందు హాల్లో ప్రదర్శనకి ఉంచబోతున్నారు.

త్రిలోచనరావు ఇక దాచుకోలేకపోయాడు. ఎగిరింది రెండు ఎడమ రెక్కలతో కాదని, కుడి రెక్క తను చేసి మార్చానని, వాళ్ల రెక్క ట్యాంకరులో గోనెసంచి కింద ఉందని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పాక ఒళ్లు తేలికైంది.

కమిషనర్ గారు లేచారు. తలుపు వేసి వచ్చి, కుర్చీలో వెనక్కి వాలారు.

"చూడండి ఏఈ గారూ. మీరన్నది నిజం కాకపోతే, అది చారిత్రక వస్తువు, ఇవ్వలేం. మీరన్నది నిజమైతే, మున్సిపాలిటీ విమానం ఇంతవరకూ అసలు ఎగరనే లేదు. ఎగిరాక వాపసు ఇస్తానన్నాను గాని ఎగరక ముందు ఇస్తానన్లేదు. ఈ రెండింట్లో మీకేది కావాలో మీరే ఎంచుకోండి."

త్రిలోచనరావు ఎంచుకోవడానికి ప్రయత్నించాడు. ఏ వైపు నుంచి చూసినా సంతకం ఉన్న వైపే కనిపించింది.

"ఇకపోతే మీరు చేశానంటున్న రెక్క," అన్నారు కమిషనర్ గారు, "అది మా రికార్డుల్లో ఎక్కడా లేదు. రికార్డులో లేని వస్తువు ఆఫీసు ఆవరణలో ఉండరాదు. సాయంత్రంలోగా తీసుకుపోండి."

అలా త్రిలోచనరావు ఆ సాయంత్రం స్కూటరు మీద ఒక్క కుడి రెక్కతో ఇంటికి చేరాడు. గోనెసంచి కింది రెక్కని తెచ్చి మళ్లీ బిగించాక, విమానం మాత్రం రెండు ఎడమ రెక్కలతో, ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా, అద్దాల బీరువాలో కొలువైంది. దాని సంరక్షణ బాధ్యత కూడా అతనికే రాశారు. రోజూ దుమ్ము తుడవాలి.

హైమవతి గుమ్మంలో నిలబడి అతని చేతిలోకి చూసింది. "ఒక్కటేనా ఇచ్చారు?" అంది.

"ఇదొక్కటే నాదట."

ఆవిడ ఆ రెక్కని అందుకుని గోడకి ఆనించి, షోకేసు వైపు నడిచింది. మొన్ననే మళ్లీ బిగించిన అద్దం తలుపుని ఊడబీకుతూ, "అయితే దీనికి ఎడమది చెయ్యండి. కాగితం తిప్పే పని కూడా లేదు. ఒళ్లు ఆ తర్వాత చూద్దాం," అంది. కొబ్బరినూనె సీసాని మాత్రం తీసి లోపల పెట్టేసింది.

నెలలు గడిచాయి. గోగులపాడు సాధించిన ఘనతకి పైవాళ్లు మురిసిపోయి, రాష్ట్రంలోని మున్సిపాలిటీలన్నీ ఇకమీదట రెండు ఎడమ రెక్కల పద్ధతినే అనుసరించాలని ఆదేశించారు. భుజంగరావు గారికి ప్రమోషన్ వచ్చింది. రుక్మాంగదరావు గారు జిల్లాలు తిరుగుతూ శిక్షణ ఇస్తున్నారు. ప్రతి ఊళ్లోనూ విమానం కుడి వైపుకి దొర్లి దుప్పట్లో పడుతోంది. ప్రతి ఊరి నుంచీ విజయవంతంగా ఎగిరినట్టు నివేదిక వెళుతోంది. దుప్పట్ల వాళ్లకి పట్టుకోవడం బాగా అలవాటైందట.

ఒక ఆదివారం పొద్దున త్రిలోచనరావు, హైమవతి స్కూటరు మీద ఊరు దాటారు. మున్సిపాలిటీ హద్దు రాయి దాటాక కూడా ఇంకో మైలు ముందుకి పోయి, కోత కోసిన చేల దగ్గర ఆగారు. మడిలో నిలబెట్టి వదిలితే, కొత్త విమానం మోళ్ల మీద గెంతి గాల్లోకి లేచింది. చేల మీద దాని నీడ పరుగెత్తింది. త్రిలోచనరావు దాని వెంట నాలుగు అడుగులు పరుగెత్తాడు కూడా. హైమవతి బోదె ఉంది చూసుకోండని కేకేసింది.

గేదెల్ని తోలుకుపోతున్న ఒక ముసలావిడ ఆగి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "ఎవరిదయ్యా అది?" అని అడిగింది.

"నాదేనమ్మా," అన్నాడు త్రిలోచనరావు.

అన్నాక, ఎందుకైనా మంచిదని, దగ్గర్లో బల్ల ఏదైనా ఉందేమోనని ఒకసారి చుట్టూ చూసుకున్నాడు.